కొసరు గంటలు

పదకొండేళ్ల పాటు ప్రతి సాయంత్రం నాలుగూ ఇరవై అయిదుకు నేను తప్పకుండా చేసిన పని ఒకటుంది. కుర్చీలోంచి లేచి, చెప్పులు వేసుకుని, మా కాలేజీ రెండు అంతస్తులూ తిరిగి, ప్రతి గదిలోకీ తల పెట్టి "పంచ్ కొట్టి రండి" అని చెప్పడం. మొయినాబాద్ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ అది. నేను ఆఫీసులో క్లర్కుని. హాజరూ, జీతాల పట్టికా నా టేబులు మీదే ఉండేవి. నా మాట వినగానే ల్యాబుల వాళ్లూ, లైబ్రరీ వాళ్లూ, ఆఫీసు వాళ్లూ కిందికి దిగి, మెట్ల పక్కన గోడకున్న మెషీన్ మీద వేలు పెట్టి, అది "థాంక్యూ" అనగానే మళ్లీ మెట్లెక్కి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చునేవాళ్లు. మెషీన్ లెక్కలో అందరం ఇళ్లకు వెళ్లిపోయాం. నిజానికి ఏ ఆరున్నరకో ఏడింటికో లేచేవాళ్లం.

కొత్తగా చేరినవాళ్లు ఇదేం వింత అన్నట్టు చూసేవారు. వాళ్లకు విడమరిచి చెప్పేది కూడా నేనే. ఎనిమిది గంటలకు మించి మెషీన్లో కనిపిస్తే ఆ గంటలకు జీతం కట్టాలి, అది యాజమాన్యానికి ఇష్టం లేదు. నాలుగున్నరకు పంచ్ మరిచిపోతే సగం రోజు జీతం కోత. ఆలస్యంగా కొడితే మెమో. "కేటాయించిన సమయంలో పని ఎందుకు పూర్తి చేయలేకపోయారో సంజాయిషీ ఇవ్వగలరు" అని అందులో ఉంటుంది. మనతో అదనంగా చేయించుకుని, చేసినందుకు మనల్నే నిలదీస్తారన్నమాట. ఈ మాట అప్పట్లో నా బుర్రకు తట్టనే లేదు. అందరినీ మెమోల నుంచి కాపాడుతున్నానని తెగ మురిసిపోయేదాన్ని. ఎవరైనా మరిచిపోతే మర్నాడు పొద్దున నా లాగిన్‌తో లోపలికెళ్లి వాళ్ల టైం నాలుగూ ముప్పై అయిదుకు సరిచేసేదాన్ని. "అక్క ఉండంగ మనకేంది" అనేవాళ్లు. ఆ పొగడ్తకే పడిపోయాను నేను.

మా చేవెళ్ల నుంచి కాలేజీకి చాలాకాలం బస్సులోనే తిరిగాను. తర్వాత కెమిస్ట్రీ ల్యాబులో సహాయకురాలిగా ఆలూరు నుంచి ఒక అమ్మాయి చేరింది. పాతికేళ్లు దాటి ఉంటాయి, రెండేళ్ల బాబు ఉన్నాడు. స్కూటీ మీద వచ్చేది. చేవెళ్ల దాటాకే ఆలూరు కాబట్టి సాయంత్రాలు నన్ను వెనక కూర్చోబెట్టుకుని తెచ్చి చేవెళ్ల బస్టాండు దగ్గర దింపి తను ముందుకు పోయేది. దారి పొడవునా వాగుతూనే ఉండేది. గాలికి సగం మాటలు నాకు వినపడేవి కావు, అయినా ఊకొట్టేదాన్ని.

ఆ వానాకాలం చివర్లో కాలేజీకి తనిఖీ బృందం వస్తుందన్నారు. ఇక ఊపిరాడని పని. ఐదేళ్లుగా జరగని మీటింగులన్నీ జరిగినట్టు పుస్తకాల్లో రాయాలి. అన్నీ ఒకే పెన్నుతో రాస్తే పట్టుబడతామని మా ఏఓ సారు ఐదు రకాల పెన్నులు తెప్పించారు, ఏడాదికొకటి. ఏఓ అంటే కాలేజీ పరిపాలనంతా చూసుకునే అధికారి. ఆలూరు అమ్మాయి చేతిరాత బాగుంటుందని ఆమెను నా దగ్గర కూర్చోబెట్టమని నేనే అడిగాను. ఇది దాచుకునే విషయం కాదు, నేనే అడిగాను.

ఆ రోజు నాలుగూ ఇరవై అయిదుకు నేను గదులన్నీ తిరిగినప్పుడు ఆమె పైన సామాను గదిలో పాత రిజిస్టర్లు వెతుకుతోంది. నా కంట పడలేదు. ఐదింటికి వచ్చి, "అక్కా, బాబుకు ఒళ్లు వెచ్చగున్నదంట. ఇయ్యాల జర జల్ది పోత" అంది.

"ఇంకొక్క ఏడాది రాసెయ్యే, అయిపోతది. నేను కూడ నీతోనే వస్త కద" అన్నాను.

ఆమె నాలుగో పెన్ను తీసుకుంది. ఇద్దరం లేచేసరికి ఏడు దాటింది. మెట్లు దిగుతూ, అలవాటు కొద్దీ మెషీన్ మీద వేలు పెట్టేసింది. థాంక్యూ అంది మెషీన్. ఏడూ పది. "అయ్యో అక్కా, నాలుగున్నరకు కొట్టనే లేదు నేను. ఇప్పుడు కొట్టిన" అని నాలుక కరుచుకుంది.

"పొద్దుగాల నేను సరిచేస్త. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఏడూ నలభైకి నన్ను దింపింది. జర పైలం అని చెప్పి నేను ఇంటిదారి పట్టాను.

మర్నాడు తొమ్మిదింటికి సీట్లో కూర్చున్నాను. కంప్యూటరు తెరిచి మొదట చేసింది ఆ పనే. ఆమె పేరు ఎదురుగా ఉన్న ఏడూ పది తీసేసి నాలుగూ ముప్పై అయిదు వేశాను. టీ వచ్చింది, తాగాను. తొమ్మిదీ ఇరవైకి ఆమె భర్త ఫోన్ చేశాడు.

"మేడం, ఆమె ఇయ్యాల రాదు" అన్నాడు. గొంతులో ఏ హెచ్చుతగ్గూ లేదు. "రాత్రి చేవెళ్ల దాటినంక మలుపుకాడ కంకర మీద బండి జారింది. కాలు రెండు చోట్ల ఇరిగింది. పట్నం దవాఖానల ఉన్నం. లోపల రాడ్ ఏస్తరంట."

ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక ఎదురుగా తెర మీద నేను మార్చిన అంకె అలాగే ఉంది, పేజీ ఇంకా మూయలేదు. అప్పుడే అక్కడే తిరిగి ఏడూ పది అని వేసేస్తే అయిపోయేది. మౌస్ మీద చెయ్యి పెట్టాను కూడా. ఒకసారి మారిస్తే పొరపాటు సవరించాననుకుంటారు, అరగంటలో రెండుసార్లు మారిస్తే ఎందుకని అడుగుతారు కదా అనిపించింది. ఇంతలో ఏఓ సారు పుస్తకాలు ఎంతదాకా వచ్చాయని లోపలికి వచ్చారు. పేజీ మూసేశాను. నా జీవితంలో అంత పిరికిపని ఇంకోటి చేయలేదు.

మా జీతాల్లోంచి ప్రతి నెలా బీమాకని కొంత కోసేవాళ్లు. పనిలోగానీ, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలోగానీ దెబ్బ తగిలితే, మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆ బీమా ఆఫీసు జీతంలో చాలా భాగం ఇస్తుంది. ఈ సంగతి కాలేజీలో అందరికంటే నాకే బాగా తెలుసు, ఆ కాగితాలు చూసేది నేనే కదా. అంచేత మొదటి రోజు నుంచే నాకు నిద్ర పట్టలేదు. మెషీన్ ప్రకారం ఆమె నాలుగూ ముప్పై అయిదుకే ఇంటికి బయల్దేరింది. పడింది పావు తక్కువ ఎనిమిదికి. మొయినాబాద్ నుంచి ఆలూరుకు మూడు గంటలెందుకు పడతాయి? పని నుంచి ఇంటికి పోతున్నట్టు కాదు, ఎక్కడో తిరిగి వస్తున్నట్టు లెక్క. దమ్మిడీ రాదు.

రెండు వారాల తర్వాత, ఇంటికి తెచ్చారని తెలిసి ఆలూరు వెళ్లాను. మంచం మీద కాలు దిండ్ల మీద పెట్టుకుని పడుకుని ఉంది. చిక్కిపోయింది. బాబు ఆ కాలి వైపు రాకుండా మంచానికి అడ్డంగా కుర్చీ పెట్టారు. భర్త టమాటలు పండిస్తాడు, మూడెకరాల కౌలు. ఆమె జీతమే ఇంటికి ఆధారమని నాకు తెలుసు.

అతను మెల్లగా ఎత్తుకున్నాడు. "మేడం, బీమా ఆఫీసోళ్లు గా మూడు గంటలు యాడున్నదని అడుగుతున్నరు. మెషీన్ల నాలుగున్నర అని ఉన్నదని మీ ఏఓ సారు ఫోన్ల చెప్పిండంట. ఊర్ల గూడ ఒకరిద్దరు గదే మాట అంటున్నరు. మీరిద్దరు ఒక్క బండి మీదనే వచ్చిండ్రు కదా. మీరు ఒక్క కాగితం రాసిస్తే..."

ఆమె మంచం మీంచే అందుకుంది. "అక్కను అడగకు. అక్కకు బిడ్డ ఉన్నది, నౌకరి ఉన్నది. ఇంకేదన్న చూస్కుందం."

"చూస్త తమ్మీ" అని గొణిగి లేచాను. బయటికొచ్చి ఆటో ఎక్కగానే నాకు కలిగింది ఏమిటో నిజం చెబుతాను: హమ్మయ్య అనిపించింది. ఆ తర్వాత చేవెళ్ల వచ్చేదాకా నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె అన్నది నిజమే, మా ఆయన పోయి ఏడేళ్లు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. మా నాన్నను బాపు అంటాను, ఆయన కిరాణా దుకాణం పెద్ద షాపులొచ్చాక చితికిపోయింది. నెలనెలా తప్పకుండా ఇంటికొచ్చేది నా జీతమొక్కటే. కానీ ఇల్లు నడిపే బరువు ఆమెకు కూడా ఉంది, పైగా విరిగిన కాలు.

వారం తిరిగేసరికి బీమా ఆఫీసు నుంచి కాలేజీకి ఒక ఫారం వచ్చింది. వచ్చి ఎక్కడికి చేరుతుంది, నా టేబులు మీదికే. ప్రమాదం వివరాలు, యాజమాన్యం నింపి పంపాలి. ఏడో గడిలో "ఆ రోజు పని ముగించిన సమయం" అని ఉంది. పేరూ, హోదా, జీతం అన్నీ నింపాను. ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఫారం సొరుగులో పెట్టాను. రోజూ పొద్దున సొరుగు తీయడం, చూడడం, మళ్లీ మూయడం. పది రోజుల గడువులో ఆరు రోజులు ఇలాగే పోయాయి. ఎవరు నా టేబులు దగ్గరికొచ్చినా సొరుగు మీద చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.

ఏడో రోజు ఏఓ సారే పిలిచారు. ఆయనది కోస్తా వైపు. కుటుంబంతో ఎప్పుడో ఇటు వచ్చేసి మోకిలలో ఇల్లు కట్టుకున్నారు. గట్టిగా అరిచే మనిషి కాదు.

"ఆ ఫారం ఏమయిందమ్మా? నాలుగూ ముప్పై అయిదు అని రాసి పంపెయ్యండి" అన్నారు.

"ఆమె ఏడు దాకా ఇక్కడనే ఉన్నది సార్. నా పక్కనే రాసింది. మీరే పెన్నులు తెప్పించిండ్రు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మెషీన్లో ఉన్నదే రాయగలం కదండీ. ఏడు అని రాస్తే ఇన్నాళ్లూ మిగతావాళ్లందరూ ఎప్పుడెళ్లారని అడుగుతారు. తనిఖీ ముందు ఈ గొడవంతా మనకెందుకు చెప్పండి. నేనూ ఎనిమిదింటిదాకా ఉంటున్నాను, నాకెవరిస్తున్నారు?" గొంతు తగ్గించి అన్నారు. "ఆ ఎంట్రీ మార్చింది మీ లాగిన్‌తోనే అని నాకు తెలుసు. మీ మేలు కోరే చెబుతున్నా."

అదీ సంగతి. బెదిరించారనడానికి లేదు, మెత్తగానే చెప్పారు. అదే నన్ను మరీ భయపెట్టింది. ఆమె కోసం నిజం చెప్పాలంటే ముందు నేను దొంగ లెక్క రాశానని చెప్పుకోవాలి. పదకొండేళ్లలో ఎన్నిసార్లు మార్చానో అన్నీ అందులో వరసగా ఉంటాయి, నా పేరుతో.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా బాపు దుకాణంలో కూర్చున్నాను. గిరాకి లేదు. మొత్తం చెప్పేశాను. బాపుకు జీతాల సంగతి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు, దుకాణం వాళ్లకు టైం ఏమిటి అనేవాడు. నేను ఏడింటికొచ్చినా ఎనిమిదింటికొచ్చినా ఏమీ అనేవాడు కాదు. అందుకే ఇప్పుడు ఏమంటాడో అనుకున్నాను.

బాపు తక్కెడ పళ్లెం గుడ్డతో తుడిచి పెట్టాడు. అప్పుడు అడిగాడు. "నేను పప్పు తూచినంక కొసరు ఎవరేస్తరు?"

"నువ్వే ఏస్తవు."

"గిరాకి డబ్బల చెయ్యి వెట్టి తీస్కుంటదా? తీస్కుంటే చెయ్యి వట్టుకుంట. కొసరు నేను ఇష్టపడి ఇచ్చేది. మీ కాలేజోళ్లు పదకొండేండ్ల సంది చెయ్యి వెట్టి తీస్కుంటున్నరు. నువ్వేమో పక్కపొంటి నిలవడి డబ్బ మూత తీసి వట్టుకున్నవ్."

నాకు ఒళ్లు మండింది. అంత మాట అనేముందు ఆ కాలేజీ జీతంతోనే ఈ ఇల్లు నడుస్తోందని గుర్తు చేయాలనిపించింది. కానీ బాపు అన్నది అబద్ధమైతే కదా. ఆ మెట్లెక్కి దిగి పంచ్ కొట్టించింది నేనే. నాలుగున్నర తర్వాత గంటలు మాయం చేసిన చెయ్యి నాదే.

"నౌకరి పోతే ఎట్ల బాపు?" అన్నాను.

"అది నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు. ధైర్యం చెబుతాడనుకున్నాను, చెప్పలేదు. లేచి షట్టరు దించాడు, ఇద్దరం ఇంటికి నడిచాం.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఆ రోజు హాజరు పేజీ ప్రింటు తీశాను. ఏ టైం ముందు ఉంది, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నీ అందులో ఉన్నాయి. కాగితం ఒకసారి ప్రింటరులో ఇరుక్కుంది. అది లాగుతున్నంతసేపూ ఎవరొస్తారోనని తలుపు వైపే చూశాను. ఫారంలో ఏడో గడి ఖాళీగానే వదిలి, "ఏడో గడి వివరం విడిగా అందజేయబడును" అని రాసి ఏఓ సారు టేబులు మీద పెట్టాను. తర్వాతి రోజు సెలవు పెట్టి, మెహదీపట్నం బస్సెక్కి, అక్కడ మారి బీమా ఆఫీసుకు వెళ్లాను. ఆ ప్రింటుతో పాటు సొంత చేతిరాతతో ఒక పేజీ ఇచ్చాను. ఆ సాయంత్రం ఏడూ పది దాకా ఆమె నా పక్కన పని చేసిందని, చేవెళ్ల దాకా నేనే ఆమె బండి మీద వచ్చానని, హాజరులో సమయం మార్చింది నేనేనని.

అక్కడి అధికారి, నా వయసావిడే, రెండుసార్లు చదివింది. "ఇట్ల ఎంతమందికి మార్చిండ్రు?" అంది.

"లెక్క లేదు మేడం."

"మీరు రోజు ఎన్నింటికి పోతుండె?"

"ఏడింటికి."

"మీ గంటలు గూడ రాయుండ్రి మరి" అని కాగితం నా వైపు తోసింది. పదకొండేళ్లలో నా గంటల గురించి ఎవరూ అడగలేదు, నేనూ లెక్క వేసుకోలేదు. పెన్ను పట్టుకోగానే ఏడుపొచ్చేసింది, సిగ్గనిపించి కొంగుతో తుడుచుకున్నాను.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. బీమా ఆఫీసు వాళ్లు కాలేజీకొచ్చి మిగతావాళ్లను అడిగారు. "అక్క ఉండంగ మనకేంది" అన్నవాళ్లలో ఇద్దరే నిజం చెప్పారు. ఆ ఇద్దరి మాటా, నా కాగితమూ చాలాయి. ఆలూరు అమ్మాయికి రెండు నెలల తర్వాత రావాల్సింది వచ్చింది. నా లాగిన్ తీసేశారు, మెమో ఇచ్చారు, లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే పనికి మార్చారు. రేపో మాపో ఇంటికి పొమ్మంటారని ప్రతి నెలాఖరుకూ భయమే. నాలుగున్నరకు నేను ఇంటికి వెళ్లిపోతాను, మెట్లెక్కి వెళ్లేవాళ్లు నా వైపు చూడరు.

కాగితం ఇచ్చి వచ్చిన ఆదివారం మళ్లీ ఆలూరు వెళ్లాను. అప్పటికి డబ్బు వస్తుందో రాదో తెలియదు. నేను చేసింది ఆమెకు నా నోటితో చెప్పాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. ఆమె చేతికర్రల మీద వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చుంది. భర్త పొలం వెళ్లాడు.

"నీకు ఒక మాట చెప్పాలె. నీ టైం మార్చింది నేనే. ఆ పొద్దున్నే, నువ్వు పడ్డవని తెలువక ముందే మార్చిన. తెలిసినంక కూడ తిరిగి మార్చలే" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. నడుం దగ్గరి ఫోన్ తీసి, పాత మెసేజ్‌ల్లోకి వెళ్లి నా చేతికిచ్చింది. హాజరు మార్చినప్పుడల్లా ఆ ఉద్యోగి ఫోన్‌కు మెసేజ్ వెళ్తుందట. నా టైం నేనెప్పుడూ మార్చుకోలేదు కాబట్టి నాకెప్పుడూ రాలేదు. ఆ రోజు తేదీ, పొద్దున తొమ్మిదీ నాలుగు. "మీరు వెళ్లిన సమయం 16:35గా సవరించడమైనది. అభ్యంతరం ఉంటే మూడు రోజుల్లోగా తెలపండి."

"ఆపరేషన్‌కు తీస్కపోయే ముందే చూసిన అక్కా" అంది.

"మరి ఎందుకు చెప్పలేదే? ఆ మూడు రోజులల్ల ఒక్క జవాబు పెడితే అయిపోతుండె కద."

"పెడితే నువ్వు దొరుకుతవ్. నువ్వే తిరిగి మారుస్తవేమో అని చూసిన. మూడు రోజులు చూసిన."

ఆ మూడు రోజులూ నేను ఆమెకు ఫోన్ చేశాను. పొద్దునోసారి, సాయంత్రమోసారి. ఇడ్లీ తిన్నావా, నొప్పి తగ్గిందా, బాబుకు జ్వరం పోయిందా అని అన్నీ అడిగాను. ప్రతిసారీ ఆమె అన్నిటికీ జవాబు చెప్పి, ఇంకేమన్నా అంటానేమోనని కాసేపు ఫోన్ పెట్టకుండా ఉండేది. నేనే పెట్టేసేదాన్ని.